సైకిలుకు ఒక గేరు చాలునా?

సైకిలు మన ఇండ్లకు ఎంత పాతచుట్టమో వేరుగ చెప్పనక్కరలేదు. పాలు తెచ్చువాడు, ఉత్తరములు పంచువాడు, బడిపంతులు, పొలమునకు పోవు రైతు, కళాశాలకు పోవు బాలిక — అందరును దానిని నమ్ముకొని బ్రతుకు నడిపినవారే. అయినను సైకిలులో ముఖ్యమైన భాగమేది అని అడిగినచో చక్రములనువారు కొందరు, చైననువారు కొందరు, బ్రేకులనువారు మరికొందరు. పెడలుకును వెనుక చక్రమునకును గల సంబంధము ఎట్టిది అను ప్రశ్న మాత్రము సాధారణముగ ఎవరికిని తోచదు. ఆ సంబంధమునుబట్టియే సైకిళ్ళలో తెగలు ఏర్పడినవి. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

పెడలుకు, వెనుక చక్రమునకు గల సంబంధమునుబట్టి సైకిళ్ళు మూడు విధములు. మొదటిది, పెడలును చక్రమును విడదీయరాని విధముగ బిగించినది. దీనిని ఫిక్స్‌డ్ గేరు సైకిలు అందురు. చక్రము తిరిగినంతసేపు పెడళ్ళు తిరుగుచునే యుండును. రెండవది, ఒకే గేరు ఉండియు ఫ్రీవీలు కలది. మన ఊళ్ళలో తరతరములుగ తిరుగుచున్న నల్లని పెద్ద సైకిలు ఈ తెగలోనిది. మూడవది, ఎక్కువ గేర్లు కలిగి, దారినిబట్టి వానిని మార్చుకొనుటకు వీలైనది. దీనిని గేర్ల సైకిలు అందురు.

మొదటి విధము మనకు క్రొత్తదని తోచవచ్చును. నిజమునకు అది ప్రతి ఇంటను ఉండినదే. మూడేండ్ల పసివాడు తొక్కు మూడుచక్రముల బండిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దాని పెడళ్ళు ముందు చక్రపు ఇరుసునకే అతుకబడి యుండును. బండి ముందుకు పోయిన పెడలు ముందుకు పోవును. వెనుకకు లాగిన వెనుకకు తిరుగును. వాలులో బండి పరుగెత్తగనే పసివాడు కాళ్ళు రెండును పైకెత్తి కేకలు వేయును. పెడళ్ళు తనను మించి తిరుగుచున్నవని వానికి ఎవరును చెప్పకయే తెలియును. ఫిక్స్‌డ్ గేరు సైకిలు స్వభావమంతయు ఆ కాళ్ళెత్తుటలోనే ఇమిడి యున్నది.

ఇక ఫ్రీవీలు చేయు పని ఏమి? వెనుక చక్రము ఇరుసుపై గల పండ్ల చక్రము లోపల చిన్న చిన్న ఉక్కు నాలుకలు స్ప్రింగుల బలమున పైకి లేచి యుండును. పెడలు ముందుకు తొక్కినప్పుడు అవి లోపలి పండ్లకు తగుల్కొని చక్రమును త్రిప్పును. తొక్కుట మానినప్పుడు అవి పండ్లపై జారుచు పోవును. సైకిలు తనంతట పరుగెత్తునప్పుడు మనకు వినవచ్చెడి టకటక ధ్వని ఆ నాలుకలదే. పంతొమ్మిదవ శతాబ్ది చివర ఈ చిన్న యంత్రము వాడుకలోనికి వచ్చినది. అంతవరకు సైకిలెక్కిన ప్రతివాడును పసివాని బండి న్యాయముననే పోవలసి యుండెను. వాలులో కాళ్ళకు విశ్రాంతి అనునది ఫ్రీవీలు ప్రసాదించిన వరము.

గేరు అనగానేమో ఒక చిన్న లెక్కతో చూతము. మన పెద్ద సైకిలునకు ముందు పండ్ల చక్రమున 44 పండ్లును, వెనుక 18 పండ్లును ఉన్నవనుకొందము. పెడలు ఒక చుట్టు తిరిగిన, వెనుక చక్రము రెండున్నర చుట్లకు కొంచెము తక్కువగ తిరుగును. 28 అంగుళముల చక్రము చుట్టుకొలత ఇంచుమించు రెండుంబావు మీటర్లు. కావున ఒక్క తొక్కుడుచుట్టుకు బండి సుమారు ఐదున్నర మీటర్లు పోవును. నిమిషమునకు 60 చుట్లు తొక్కినచో గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. చదునైన దారిలో ఆరోగ్యవంతునికి ఇది సుఖమైన లెక్క. కాని దారి ఎల్లప్పుడు చదునుగ ఉండదు, చిక్కంతయు అక్కడనే.

ఇప్పటి గేర్ల సైకిలులో ఈ ఐదున్నర మీటర్లు స్థిరము కాదు. ముందు 34 పండ్లు, వెనుక 34 పండ్లు ఉన్న జతను ఎన్నుకొనినచో చుట్టుకు రెండు మీటర్లకు కొంచెము మించి పోవుదుము. ముందు 50, వెనుక 11 పండ్ల జతకు మార్చినచో చుట్టుకు తొమ్మిదిన్నర మీటర్లు. ఒకే మనిషి, ఒకే బండి; చేతి వ్రేలి కదలికతో మీట నొక్కిన అడుగు చిన్నదగును, పెద్దదగును. మెట్లెక్కునప్పుడు చిన్న అడుగు, మైదానములో పెద్ద అడుగు వేయుట మన కాళ్ళకు సహజమే గదా! గేరు ఆ సహజ గుణమును యంత్రమునకు నేర్పినది.

ఇంత సులభమైన సౌకర్యమును లోకము వెంటనే ఆదరించి యుండునని మీరు అనుకొనవచ్చును. అట్లు జరుగలేదు. గేర్ల కథ ఒక పెద్ద వాదముగ నడచినది. ఆ వాదమునకు రంగము ఫ్రాన్సు దేశము.

ఆ దేశమున సెంట్ ఎతియెన్ అను పట్టణమున పాల్ ద వివీ అను నతడు ఉండెను. వెలోసియో అను కలము పేరుతో సైకిలు ప్రయాణములను గూర్చి పత్రిక నడపినవాడు. చుట్టును కొండలు, ఒకే గేరుతో వానిని ఎక్కుట కష్టము. అతడు మొదట రెండు పండ్ల చక్రములను అమర్చి చైనును చేతితో ఎత్తి ఒకదాని నుండి మరొకదానికి మార్చుచుండెను. పిదప చైనును నడకలోనే ప్రక్కకు త్రోసి మార్చు సాధనములను ప్రోత్సహించెను. ఆ సాధనమునకు డిరైల్లర్ అని పేరు. పట్టాలు తప్పించునది అని ఆ ఫ్రెంచి మాటకు అర్థము. రైలు పట్టా తప్పిన ప్రమాదము. చైను పట్టా తప్పిన ప్రయోజనము!

ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో మరొక మార్గము తోచినది. 1902లో పేటెంటు పొంది, స్టర్మీ ఆర్చర్ అను పేరున ప్రసిద్ధి కెక్కిన మూడు గేర్ల హబ్బులో పండ్ల చక్రములన్నియు వెనుక ఇరుసు డబ్బాలోపలనే దాగి యుండును. బయటకు ఒక సన్నని గొలుసు మాత్రము కనబడును. దుమ్ము, వాన లోపలికి చొరవు. ఇంగ్లండులో ఉద్యోగస్తులు, గృహిణులు తొక్కిన సైకిళ్ళలో చాల కాలము ఇదియే ముఖ్యమైన గేరు.

అదే 1902లో ఫ్రాన్సు దేశపు పర్యాటక సంఘము ఒక పరీక్ష నడపినది. కొండదారులతో కూడిన, ఇంచుమించు 240 కిలోమీటర్ల మార్గము. ఒకే గేరు సైకిలుపై ఎడ్వార్ ఫిషర్ అను పేరుగల పందెగాడు. మూడు గేర్ల సైకిలుపై మార్త్ హెస్ అను మహిళ. ఆమె దారి పొడవున ఒక్కచోటనైన కాలు నేల మోపక గెలిచినది. కండబలములో ఆమె అతనిని మించినదని ఎవరును అనలేదు. దారికి తగిన అడుగు వేయగల సాధనము ఆమెకు ఉండెను, అతనికి లేకుండెను. అంతే.

ఈ ఫలితమును చూచి సంతోషింపని వాడొకడు కలడు. అతడు ఆంరీ దెగ్రాంజ్. మరుసటి యేడు, అనగా 1903లో, ఫ్రాన్సును చుట్టివచ్చు మహాపందెమును, టూర్ ద ఫ్రాన్సును, స్థాపించినవాడు అతడే. అంతకు పదేండ్లు ముందు, 1893లో, పారిస్ నగరమున ఒక గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి, గంట పందెమునకు తొలి అధికారిక రికార్డు నెలకొల్పినవాడును అతడే. గేర్లు నడివయస్సు దాటినవారికి మాత్రమే తగునని అతని అభిప్రాయము. యంత్రపు ఉపాయముతో గాక కండబలముతో గెలుచుటయే గెలుపని, మనుష్యులు మెత్తబడిపోవుచున్నారని అతడు వ్రాసెను. తనకు మాత్రము ఫిక్స్‌డ్ గేరే కావలెననెను.

తన పందెములో ఆ మాట నిలుపుకొన్నాడు కూడ. 1910 నుండి పిరెనీసు పర్వతములలో 2,115 మీటర్ల ఎత్తునగల తుర్మలే కనుమ వంటి దారులు పందెములో చేరినవి. అయినను ప్రధాన పందెగాండ్రకు డిరైల్లర్ నిషిద్ధము. వారి వెనుక చక్రమునకు ఇరుప్రక్కల రెండు వేర్వేరు పండ్ల చక్రములు ఉండెడివి. కొండ మొదలు చేరగనే దిగి, మరలు విప్పి, చక్రమును త్రిప్పి బిగించుకొని ఎక్కవలెను. శిఖరము చేరిన పిదప మరల దిగి, త్రిప్పి, బిగించవలెను. చలికి వ్రేళ్ళు కొంకర్లు పోవుచుండగా మర విప్పుట ఎంత కష్టమో ఊహింపుడు. 1927లో ఇటలీ దేశపు కొండదారిలో తుల్లియో కాంపన్యోలో అను యువకుడు ఇట్టి మర విప్పలేక పందెములో వెనుకబడెనని, ఆ చేదు అనుభవమే అతనిని యంత్రశిల్పిగ మార్చినదని సైకిలు లోకమున చెప్పుకొందురు. 1933లో అతడు విచెంజా పట్టణమున స్థాపించిన కర్మాగారపు గేర్లు తరువాతి కాలమున ప్రపంచ ప్రఖ్యాతములైనవి.

దెగ్రాంజ్ అనారోగ్యముచే తప్పుకొనిన పిమ్మట, 1937లో టూర్ ద ఫ్రాన్సులో డిరైల్లర్లకు అనుమతి లభించినది. ఆ యేడు గెలిచిన రోజే లపెబీ డిరైల్లర్‌తోనే గెలిచెను. ఆ తరువాత రోడ్డు పందెములలో వెనుకకు తిరిగి చూచినవారు లేరు. 1984లో జపాను దేశపు షిమానో సంస్థ మీట నొక్కిన ప్రతిసారియు చైను ఒక్కొక్క గేరున సరిగా నిలుచునట్లు చేసినది. అప్పటి నుండి గేరు మార్చుట నేర్పుగల వారి విద్యగ గాక పిల్లలకు కూడ అందిన పనియైనది.

ఇంతకును దెగ్రాంజ్ వాదములో సత్యమెంత? గేరు కండబలమునకు ప్రత్యామ్నాయమా? లెక్క వేసి చూతము. మనిషి, సైకిలు కలిపి 85 కిలోల బరువు. నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచెడి చడావు. మనిషి కాళ్ళు 100 వాట్ల శక్తి నిలకడగ ఇచ్చుచున్నవి. అతని వేగము గంటకు ఏడున్నర కిలోమీటర్లు. ఏ గేరు వేసినను ఈ వేగము ఇంచుమించు మారదు; ఎత్తవలసిన బరువు అదే, ఇచ్చు శక్తి అదే. మారునది వేరొకటి. చుట్టుకు ఐదున్నర మీటర్లు పోవు సైకిలులో నిమిషమునకు 23 చుట్లు మాత్రమే తిరుగును; పెడలుపై సగటున 25 కిలోల ఒత్తిడి పడును. చుట్టుకు రెండున్నర మీటర్లు పోవు గేరులో నిమిషమునకు 50 చుట్లు తిరుగును. ఒత్తిడి 12 కిలోలకు తగ్గును. పని తగ్గలేదు, పనిని చిన్న చిన్న వాయిదాలుగ చెల్లించుచున్నాము. అప్పు అంతయు ఒకేసారి తీర్చవలసిన వాడు కుంగిపోవును, వాయిదాలలో తీర్చువాడు నిలదొక్కుకొనును. కొండదారిలో మోకాళ్ళ సంగతియు అట్టిదే. కనుక గేరు బలహీనుల కొరకు చేసిన మోసము కాదు. శరీరమును దారితో సమాధానపరచు మధ్యవర్తి.

అట్లయిన ఫిక్స్‌డ్ గేరు పనికిరానిదా? కానే కాదు. దాని గుణములు వేరు. అవి తెలిసినవారు దానిని విడువలేరు.

మొదటిది, అది కాలికి లయ నేర్పును. ఫ్రీవీలు ఉన్న సైకిలులో మనము నాలుగు చుట్లు తొక్కి కొంతసేపు ఊరకుందుము. ఫిక్స్‌డ్ గేరులో ఊరకుండుట లేదు. కాలు గుండ్రముగ, తెగని ధారగ తిరుగుట అలవడును. ఈ కారణము చేతనే ఇంగ్లండులోని సైకిలు క్లబ్బులవారు చలికాలమంతయు ఫిక్స్‌డ్ గేరుపై సాధన చేయు సంప్రదాయము ఏర్పడినది. 1956లో రే బూటీ అను ఇంగ్లీషు యువకుడు నూరు మైళ్ళ పోటీని నాలుగు గంటలలోపున ముగించిన మొదటివాడైనాడు. అతనికి పట్టిన కాలము 3 గంటల 58 నిమిషముల 28 సెకండ్లు. అతడు తొక్కినది ఫిక్స్‌డ్ గేరు.

రెండవది, యంత్రము తేలిక. గేరు మార్చు మీటలు లేవు, తీగెలు లేవు, చైను వంకరగ పోవుట లేదు. చెడుటకు వస్తువులే తక్కువ. వానలో, బురదలో పోయివచ్చిన పిదప తుడుచుకొని ఒక చుక్క నూనె వేసిన చాలును.

మూడవది, వేగముపై సున్నితమైన అధికారము. కాలితో కొంచెము నిలువరించిన బండి నెమ్మదించును, కొంచెము ఒత్తిన ముందుకు దుముకును. చక్రము నేలపై జారుచున్నదో లేదో పాదమునకే తెలియును. తొక్కి చూచినవారు సైకిలును తమ శరీరములో ఒక భాగమువలె తలంతురనుట అతిశయోక్తి కాదు.

అందువలననే వెలోడ్రోమ్ అను గుండ్రని పందెపు బరిలో నేటికిని ఫిక్స్‌డ్ గేరుదే రాజ్యము. అచ్చట పోటీలలో పాల్గొను సైకిళ్ళకు ఫ్రీవీలు లేదు, బ్రేకు లేదు. 250 మీటర్ల బరిలో మలుపుల వద్ద కొయ్యదారి నలువది డిగ్రీలకు మించి గోడవలె లేచి యుండును. ముందు పోవువాడు హఠాత్తుగ బ్రేకు వేసిన వెనుకవారందరును కూలుదురు. ఎవరికిని బ్రేకు లేకుండుటయే అచ్చట రక్షణ. గంట పందెమంతయు ఫిక్స్‌డ్ గేరు చరిత్రయే. దెగ్రాంజ్ 35 కిలోమీటర్లతో ఆరంభించినదానిని 1972లో ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరమున 49.431 కిలోమీటర్లకు, 2022లో ఇటలీ వీరుడు ఫిలిప్పో గన్నా 56.792 కిలోమీటర్లకు చేర్చిరి. జపానులో 1948లో ఆరంభమైన కెయిరిన్ పందెము 2000లో ఒలింపిక్ క్రీడలలోనికి వచ్చినది. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమునను ఒక వెలోడ్రోమ్ కలదు. కావున ఈ విద్య మనకు పరాయిది కాదు.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. ఫిక్స్‌డ్ గేరులో పెడలు తనంతట తిరిగి కాలిని పైకి లేపును గనుక చడావు ఎక్కుట తేలికయని కొందరందురు. పెడలు పైకి క్రిందికి నిలువుగ నిలిచిన చోట కాలి బలము పనిచేయదు; ఆ చోటును చక్రపు పరుగు దాటించుననుట నిజమే. కాని ఆ పరుగు మనము మునుపు తొక్కి సంపాదించినదే. మన డబ్బే మనకు తిరిగి వచ్చినది; ఎవరును కానుకగ ఇయ్యలేదు. చడావు నిడివి పెరిగినకొలది ఆ నిల్వ తరిగిపోవును. తరువాత మిగులునది 25 కిలోల ఒత్తిడియే.

ఇక దోషములు. వాలులో ఫిక్స్‌డ్ గేరు కఠినమైన యజమాని. మన లెక్కలోని సైకిలు గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వాలు దిగినచో పెడళ్ళు నిమిషమునకు 122 చుట్లు తిరుగును. అలవాటు లేనివాని కాలు ఆ వేగమున పెడలు నుండి జారినచో, తిరుగుచున్న ఇనుము పిక్కను కొట్టును. మలుపులోను చిక్కే. ఫ్రీవీలు ఉన్నవాడు లోపలివైపు పెడలును పైకెత్తి ఉంచి వంగి తిరుగును. ఫిక్స్‌డ్ గేరువానికి ఆ స్వాతంత్ర్యము లేదు. ఎక్కువ వంగిన పెడలు నేలకు తగిలి చక్రమునే లేపివేయును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆపుట. కాళ్ళతో నిలువరించి ఆపగలము గదా, బ్రేకు ఏల అని కొన్ని దేశములలో యువకులు బ్రేకులు తీసివేసి వీధులలో తిరుగుట మొదలిడిరి. న్యూయార్కు నగరములో ఉత్తరములు చేరవేయు సైకిలు దూతల వలన ఈ మోజు ప్రబలినది. 2012లో వచ్చిన ప్రీమియం రష్ అను చలనచిత్రములో కథానాయకుడు ఇట్టి బ్రేకులేని సైకిలు తొక్కువాడే. చూచుటకు ముచ్చటయే. కాని లెక్క వేరు. బండిని ఆపబోవునప్పుడు బరువంతయు ముందు చక్రముపైకి వచ్చును. వెనుక చక్రము తేలిపోవును. కాళ్ళు ఆపునది వెనుక చక్రమును మాత్రమే. పొడి రోడ్డుపై గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవువాడు, ఆపవలెనని తలచిన క్షణము తరువాత, వెనుక చక్రముతో మాత్రమే ఆపినచో ఇంచుమించు 12 మీటర్లు పోవును. మంచి ముందు బ్రేకుతో ఆరేడు మీటర్లలో ఆగవచ్చును. ఈ ఐదు మీటర్ల నడుమ ఒక బాలుడు, ఒక వృద్ధురాలు నిలిచి యుండవచ్చును.

ఇది ఊహ కాదు. 2016లో లండను నగరమున ముందు బ్రేకులేని ఫిక్స్‌డ్ గేరు సైకిలు ఢీకొని దారి దాటుచున్న ఒక స్త్రీ మరణించినది. తొక్కిన యువకునికి 2017లో 18 నెలల శిక్ష పడినది. ఆ దేశపు చట్టము ఫిక్స్‌డ్ గేరును ఒక బ్రేకుగ అంగీకరించును. కాని దానితోపాటు ముందు బ్రేకు తప్పక ఉండవలెనని శాసించుచున్నది. న్యాయమైన మాట. వెలోడ్రోమ్‌లో బ్రేకు లేకుండుట రక్షణ; వీధిలో అదే లేకుండుట అపరాధము. స్థలమునుబట్టి ధర్మము మారును.

గేర్ల సైకిలుకు దోషములు లేవా? కలవు. ఖరీదు ఎక్కువ. సన్నని చైను, మెత్తని తీగెలు, చిన్న చిన్న కప్పీలు — దుమ్ము పట్టిన త్వరగ అరుగును. పడిపోయినచో మీట వంగి చైను పుల్లలలో చిక్కుకొనును. వాడుక తెలియనివాడు ఆగిన తరువాత గేరు మార్చబోయి చైను తెంపుకొనును. డిరైల్లర్ చక్రము తిరుగుచున్నప్పుడే మారును గాని నిలిచినప్పుడు మారదు. హబ్బు గేరులో ఈ చిక్కులు తక్కువ. నిలిచి యున్నప్పుడును మార్చవచ్చును. నగరపు రద్దీలో మాటిమాటికి ఆగువారికి, వానలో తిరుగువారికి అదియే మేలు. మరియొక దోషము మనస్సునకు సంబంధించినది. ఇరువది గేర్లున్నవని కొని, రెండిటితోనే కాలము గడుపువారు అనేకులు. వాడని గేరు మోయుట వృథా భారము.

ఫిక్స్‌డ్ గేరును సాధన కొరకు కోరువారికి కొన్ని జాగ్రత్తలు. చైను మధ్యలో నొక్కిన ఒక సెంటీమీటరు కదలిక మాత్రమే ఉండవలెను. వదులై జారిన చక్రము బిగిసిపోయి మనిషిని పడవేయును. ఆ సైకిలుకు ప్రత్యేకమైన హబ్బు ఉండును. పండ్ల చక్రమును కుడివైపు మరతో బిగించి, దానిపై ఎడమవైపు మరగల వలయమును బిగింతురు. వెనుకకు ఒత్తినప్పుడు ఊడకుండుట ఆ వలయము వలననే. పాత ఫ్రీవీలును వెల్డింగ్ చేయించి ఫిక్స్‌డ్ గేరుగ మార్చుకొందమను తలంపు ఎవరికైన కలిగినచో దానిని విడుచుట మేలు. ఆ హబ్బునకు ఈ వలయము ఉండదు. పండ్ల లెక్కను కూడ చూచుకొనవలెను. 48, 16 పండ్ల జతలో చక్రము సరిగ మూడు చుట్లు తిరుగును. కాళ్ళతో చక్రమును బిగించి జారించు అలవాటుగలవానికి, ఏ కాలు ముందుంచి ఆపువాడైనను ఆ కాలే ఉంచినచో, టైరు ప్రతిసారి ఒకేచోట అరుగును. 47, 16 జతలో ఆ అరుగుదల 16 చోట్లకు పంచబడును. ఒక్క పన్ను తేడాతో టైరు ఆయుర్దాయము పెరుగును!

ఇంటిలోని పెద్దలకు ఒక హెచ్చరిక. ఫిక్స్‌డ్ గేరు చైనులో పంచె అంచుగాని, చీర చెంగుగాని, చున్నీగాని, బూటు తాడుగాని చిక్కినచో పెడలు ఆగదు; లాగుకొనియే పోవును. చక్రము త్రిప్పుచు చైనును గుడ్డతో తుడుచునప్పుడు వ్రేలు పండ్లలో పడినచో వ్రేలు దక్కదు. ఫ్రీవీలు సైకిలులో వెనుక చక్రము తిరుగుచున్నను పెడలు నిలిపిన చైను నిలుచును. దీనిలో అట్లు కాదు. పసిపిల్లలున్న ఇంట దానిని తలక్రిందులుగ నిలిపి చక్రము త్రిప్పి వదలరాదు.

ఇక మనకేది తగును? ఇది వస్తువును గూర్చిన ప్రశ్న కాదు. మీ దారిని, మీ శరీరమును, మీ పనిని గూర్చిన ప్రశ్న. గోదావరి, కృష్ణా డెల్టాలలో కాలువగట్ల వెంట చదునైన నేలపై తిరుగువారికి ఒకే గేరు, ఫ్రీవీలు గల మన పాత సైకిలు చాలును. దానిపై వరిబస్తా మోయవచ్చును, ఇద్దరు పిల్లలను బడికి దింపవచ్చును. ఏ ఊరి షాపులోనైన బాగుచేయుదురు. విశాఖపట్టణపు ఎత్తుపల్లములలో, హైదరాబాదు మిట్టదారులలో దినదినము పనికి పోవువారికి, అరకు వైపు ఘాటు దారిని చూడగోరువారికి గేర్లు తప్పనిసరి. నడివయస్సువారు, మోకాళ్ళ బాధ ఉన్నవారు, క్రొత్తగ తొక్కుట నేర్చు స్త్రీలు గేరు వాడుటకు సిగ్గుపడనక్కరలేదు. 1902లో మార్త్ హెస్ ఆ సిగ్గును వారి తరఫున ఎన్నడో తీసివేసినది. ఇక పందెములలో ప్రవేశింపగోరు యువకులకు, కాళ్ళకు లయ నేర్పుకొనువారికి ఫిక్స్‌డ్ గేరు మంచి గురువు. గురువునకు తగిన మర్యాద మాత్రము చేయవలెను: ముందు బ్రేకు, తలకు హెల్మెట్, పాదమును పట్టియుంచు పట్టీ, మొదట జనసంచారము లేని మైదానములో అభ్యాసము.

దెగ్రాంజ్, వెలోసియో ఇద్దరును సైకిలును ప్రాణముగ ప్రేమించినవారే. ఒకడు సైకిలు మనిషిని పరీక్షింపవలెనన్నాడు. మరొకడు మనిషిని దూరతీరములకు చేర్పవలెనన్నాడు. పరీక్ష కోరువారికి బరి ఉన్నది. అచ్చట దెగ్రాంజ్ మాట నేటికిని చెల్లును. మనలో అధికసంఖ్యాకులు పరీక్షకు గాక పనికి పోవుటకు, పని ముగించి క్షేమముగ ఇల్లు చేరుటకు సైకిలెక్కుదురు. మీ ఇంటి బాలుడు బ్రేకులేని సైకిలు కావలెనని పట్టుబట్టినచో, అతనిని కోపింపవలదు. ఒక సాయంకాలము సుద్దముక్కతో వీధిలో 12 మీటర్లు గీసి, వానిలో సగమున మరొక గీత గీసి చూపుడు. ఆ రెండు గీతల నడుమనున్న దూరము అతనికి నా ఈ ప్రసంగముకంటె బాగుగ బోధించును.